చైనాలో పది రోజులు: నాలుగు నగరాలు చూడగలమా?

ప్రశ్న: అక్టోబరులో అమ్మానాన్నలతో కలిసి పది రోజుల పాటు బీజింగ్, షియాన్, గ్విలిన్, షాంఘై చూడాలని అనుకుంటున్నాము. నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నాయి, ఇద్దరూ శాకాహారులు. ఇది సాధ్యమేనా?

జవాబు 1: నాలుగూ వద్దండి. బీజింగ్ నుంచి షియాన్‌కే దాదాపు 1,200 కిలోమీటర్లు. హైస్పీడ్ రైలు ఉన్నా, పెట్టెలు సర్దుకోవడంతోనే సెలవులు కరిగిపోతాయి. అక్టోబరు 1 వారి జాతీయ దినోత్సవం, ఆ వారమంతా జనం పోటెత్తుతారు కనుక నెల మధ్యలో బయలుదేరండి. బీజింగ్‌లోని నిషిద్ధ నగరానికి, అంటే పాత చక్రవర్తుల రాజప్రాసాదానికి, సాధారణంగా సోమవారం సెలవు; టికెట్లు పాస్‌పోర్టు వివరాలతో ముందే తీసుకోవాలి.

జవాబు 2: మహాకుడ్యానికి, అంటే చైనా గోడకు, బీజింగ్ దగ్గరి ముతియాన్‌యూ వైపు వెళ్లండి, పైకి కేబుల్ కారు ఉంది. అయితే గోడ మీది మెట్లు ఒకటి జానెడు, మరొకటి మోకాలెత్తు ఉంటాయి కనుక నాన్నగారిని బురుజు దగ్గరే కూర్చోబెట్టడం మేలు. షియాన్ మాత్రం వదలకండి. అక్కడ చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన సైనికుల మట్టి బొమ్మలున్నాయి. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడిన ఆ మట్టి సైన్యంలో, మోకాలిపై కూర్చున్న విలుకాడి చెప్పు అడుగున కుట్లు సైతం కనిపిస్తాయి.

జవాబు 3: భోజనం విషయంలో జాగ్రత్త. టోఫూ (సోయా పనీరు) కూర అని తెప్పించుకుంటే అందులో మాంసపు కీమా ఉండవచ్చు. ‘వో చ్ర సు’, అంటే నేను శాకాహారిని అన్న మాటను చైనా లిపిలో రాయించుకుని చూపించండి. బౌద్ధాలయాల సమీపంలో శాకాహార భోజనశాలలు దొరుకుతాయి. మా అమ్మగారైతే ఆవకాయ సీసాతోనే విమానం ఎక్కారు.