అమ్మమ్మ కొంగుని మాన్పించాలా?

ప్రశ్న, న్యూజెర్సీ నుంచి

అందరికీ నమస్కారం. మేం హైదరాబాద్ నుంచి వచ్చి ఆరు వారాలైంది. మా పాపకి రెండేళ్ల మూడు నెలలు. దిల్‌సుఖ్‌నగర్లో మా అమ్మ చేతుల్లోనే పెరిగింది. బయల్దేరే రోజు అమ్మ తన పాత నారాయణపేట చీర కొంగు కత్తిరించి పాప చేతిలో పెట్టింది. ఇప్పుడు అది లేనిదే అడుగు వేయదు. అన్నం తినాలన్నా, నిద్రపోవాలన్నా, స్నానం చేయాలన్నా పక్కన అది ఉండాల్సిందే. ఉతకనివ్వదు కూడా. వచ్చే నెల డే కేర్‌లో చేర్పించాలి. "దాచేయండి, మూడు రోజులు ఏడ్చి మర్చిపోతుంది" అంటోంది పక్కింటావిడ. మా వారిదీ అదే మాట. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఎలా మాన్పించాలి?

జవాబు, నల్లకుంట నుంచి (ముందు తొమ్మిదేళ్లు డాలస్‌లో)

చెల్లీ, ముందు ఒక లెక్క వేసుకో. ఈ ఆరు వారాల్లో మీ పాపకి ఏమేం దూరమయ్యాయి? అమ్మమ్మ, తాతయ్య, పొద్దున్నే గేటు ముందు కూరగాయల బండి కేక, మధ్యాహ్నం పడుకుంటే పైన తిరిగే ఫ్యాను చప్పుడు. అన్నీ పోగా మిగిలింది ఆ కొంగు. దాన్నీ ఇప్పుడే తీసేద్దామంటారా? నేనైతే డే కేర్‌లో కుదురుకునేదాకా దాని జోలికే వెళ్లను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను తప్పు చేసి నేర్చుకున్నా. మావాడికి మా అమ్మ కుట్టిన బొంత ముక్క ఉండేది. డాలస్ వెళ్లిన రెండో వారం, కంపు కొడుతోందని వాషింగ్ మెషీన్లో వేసి, డ్రయ్యర్‌లో ఆరబెట్టి, మడత పెట్టి మరీ ఇచ్చాను. వాడు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి "ఇది నాది కాదు" అని విసిరేశాడు. మూడు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చివరికి మా అమ్మ ఇంకో ముక్కని వారం రోజులు తన దిండు కింద పెట్టుకుని పడుకుని, జిప్ కవర్లో వేసి, ఇక్కణ్నుంచి వచ్చేవాళ్లతో పంపింది. అప్పుడు గానీ వాడు దారికి రాలేదు.

తర్వాత తెలిసింది, వినికాట్ అనే ఇంగ్లండ్ పిల్లల డాక్టరు 1951లోనే ఈ సంగతి చెప్పాడట. ఉతికితే ఆ బట్టకీ బిడ్డకీ ఉన్న బంధం తెగిపోవచ్చని తల్లిదండ్రులకి తెలుసు, అందుకే మాసినా ఊరుకుంటారు అని. పిల్లలు దాన్ని మర్చిపోరట, దాని కోసం బెంగా పడరట, మెల్లగా దాంతో పని తీరిపోతుందట. మావాడిది అచ్చం అలాగే జరిగింది. నాలుగేళ్లప్పుడు ఒకరోజు చూస్తే బొంత మంచం కింద ఉంది, వాడు అడగనే లేదు.

అయితే ఒకటి మాత్రం ఈ రోజే చెయ్యి. కొంగు పొడుగ్గా ఉంటే నిద్రలో మెడకి చుట్టుకోవచ్చు. చేతిరుమాలు అంత ముక్కలు రెండు చేసి, దారాలు వేళ్లకి చుట్టుకోకుండా అంచులు మడిచి కుట్టు. పాప ముందే చెయ్యి, దొంగచాటుగా వద్దు. ఒకటి ఇంట్లో, ఒకటి డే కేర్ సంచిలో. ఉతికేటప్పుడు ఒక్కటే ఉతుకు, ఘాటు వాసన సబ్బు వద్దు. మధ్యాహ్నం నిద్రకి బట్ట పంపొచ్చా అని డే కేర్ వాళ్లని ముందే అడుగు. ఏడాది లోపు పిల్లల పక్కలో బట్టలు పెట్టనివ్వరు గానీ మీ పాప ఆ వయసు దాటింది.

మాన్పించడం అంటావా, స్నానంతో మొదలుపెట్టు. "కొంగు తడిస్తే దానికి జలుబు చేస్తుంది, కుర్చీలో కూర్చుని చూస్తుందిలే" అను. కొన్నాళ్లకి అన్నం దగ్గర, ఆ తర్వాత బయటికి వెళ్లేటప్పుడు. నిద్ర దగ్గర మాత్రం వదిలెయ్, అదే పోతుంది.

జవాబు, డాలస్ నుంచి ఒక నాన్న

అక్క చెప్పింది బట్ట విషయంలో సరే. పాలపీక, పాలసీసా అయితే ఇంత ఓపిక పట్టకండి. పీకని మూడేళ్లకల్లా మాన్పించమంటారు పళ్ల డాక్టర్లు, పళ్ల వరస చెడుతుందని. పాలసీసా ఇంకా ముందే, ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పళ్లు పుచ్చుతాయి. మేం ఆలస్యం చేశాం, బిల్లు కూడా కట్టాం!

జవాబు, మలక్‌పేట నుంచి ఒక అమ్మమ్మ

బిడ్డా, వేపాకు నూరి రాయమనీ, బూచాడు ఎత్తుకుపోయాడని చెప్పమనీ ఎవరైనా అంటే వినకు. పాలు మాన్పించడానికి మా కాలంలో వేపాకు రాసుకున్నాం, నిజమే. కానీ అప్పుడు బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి ఇంట్లో పది మంది ఉండేవాళ్లు. అక్కడ నువ్వొక్కదానివే. కొంగు మీ దగ్గరుంటే మిగతా చీర మీ అమ్మ దగ్గరే కదా? వీడియో కాల్‌లో చూపించమను. మీకు ఉదయం ఎనిమిదైతే మాకు సాయంత్రం ఐదున్నర. నవంబరులో మీ గడియారాలు మారాక ఆరున్నర అవుతుంది.

న్యూజెర్సీ నుంచి, నాలుగు రోజుల తర్వాత

అక్కా, అమ్మమ్మగారూ, అన్నయ్యా, థాంక్స్. నిన్న కొంగు రెండు ముక్కలు చేశాం. కత్తెర తనే పట్టుకుంటానని పేచీ పెడితే చెయ్యి మీద చెయ్యి వేసి కోయించాను. చిన్న ముక్కకి "బుజ్జి" అని పేరు పెట్టింది. పెద్ద ముక్క ఇంకా స్నానాల గదిలోకి వస్తూనే ఉంది, కుర్చీ మాట వినలేదు. ఇవాళ పొద్దున అమ్మ ఆ చీర కట్టుకుని ఫోన్‌లో కనిపించింది, కొంగు లేకుండానే. పాప చాలాసేపు చూసి, తన ముక్కని స్క్రీన్‌కి ఆనించి, "అమ్మమ్మా, ఇదిగో, అతికించుకో" అంది. మా వారు లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. దాచేద్దామని మళ్లీ అనలేదు.