రిమోట్ వర్క్, నిఘా గురించి ఇంగ్లిష్‌లో మాట్లాడించడం ఎలా?

విశాఖ మధురవాడలో సాయంత్రం 7 నుంచి 8 దాకా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. బ్యాచ్‌లో 12 మంది. ఎక్కువమంది రుషికొండ వైపు ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లు, కొందరిది వర్క్ ఫ్రమ్ హోమ్. చదివితే అర్థమవుతుంది, మాట్లాడబోతేనే తడబడతారు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ల మీద కంపెనీ నిఘా పెట్టవచ్చా అని డిబేట్ పెడితే ‘ఐ అగ్రీ, కంపెనీ రూల్’ అని ఒక్క ముక్కతో ఆగిపోయారు. మేనేజర్, ఉద్యోగి పాత్రలిచ్చి చూశాను. స్క్రీన్‌షాట్లు తీసే సాఫ్ట్‌వేర్, మౌస్ కదలకపోతే ‘ఐడిల్’ అని చూపించడం గురించి రాగానే ఒకమ్మాయి ‘మంచినీళ్లకు లేవాలన్నా టెన్షనే సార్’ అంది. అంతే, అందరూ తెలుగులోకి వెళ్లిపోయారు. చర్చ మాత్రం ఎంత బాగా నడిచిందో! అందుకే ఈ అంశం వదలబుద్ధి కావడం లేదు.

ఇంగ్లిష్‌లో వాక్యం మొదలుపెట్టడానికి పనికొచ్చే మాటలు బోర్డు మీద రాసిచ్చాను. వాటిని చూసి చదువుతున్నారే తప్ప ఎదుటివాళ్ల మాటకు జవాబివ్వడం లేదు. ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి లేకుండా కూడా వ్యక్తిగత డేటా వాడుకోవచ్చని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉందని చెప్తే ఇంకా వేడెక్కారు, అదీ తెలుగులోనే.

ఆ వేడి తగ్గకుండానే వాళ్లు ఇంగ్లిష్‌లో ఒకరికొకరు జవాబు చెప్పుకునేలా, గంట క్లాసులో పట్టే ఏ యాక్టివిటీ మీకు పనిచేసింది?