కొత్త చట్టాలకు కోచింగ్ నోట్సు చాలా, అసలు చట్టం చదవాలా?

మెయిన్స్ అభ్యర్థి:
సివిల్స్ జనరల్ స్టడీస్ రెండో పేపరుకు చదువుతున్నాను. 2023 నుంచి వచ్చిన చట్టాల జాబితా చూస్తేనే కంగారు పుడుతోంది: మూడు క్రిమినల్ చట్టాలు, మహిళా రిజర్వేషన్ సవరణ, డేటా రక్షణ, పరీక్షల్లో అక్రమాల నిరోధం. నెలవారీ కరెంట్ అఫైర్స్ పుస్తకం చాలని కొందరు, చట్టమే తెరిచి చదవాలని కొందరు అంటున్నారు. మీ అభిప్రాయం చెప్పండి.

కృష్ణాతీరం:
నోట్సు చాలు. నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో 358 సెక్షన్లు, దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే నాగరిక సురక్షా సంహితలో 531. మనం రాస్తున్నది మెజిస్ట్రేట్ పరీక్ష కాదు కదా! 250 పదాల జవాబులో చట్టం ఉద్దేశం, ముఖ్యాంశాలు, విమర్శలు పడితే సరిపోతుంది. ఆ సమయం జవాబులు రాసి చూసుకోవడానికి పెట్టండి.

న్యాయశాస్త్ర విద్యార్థిని:
కృష్ణాతీరం గారూ, జవాబులు రాసి చూసుకోవాలన్న మాట నిజం. కానీ తప్పుడు నోట్సుతో ఎన్ని జవాబులు రాసినా తప్పే గట్టిపడుతుంది. నాకు తెలిసినవే చెబుతాను.

2024 నాటి పరీక్షల అక్రమాల నిరోధక చట్టం ఆ ఏడాది జూన్ 21న అమల్లోకి వచ్చింది. యూపీఎస్సీ పరీక్షలూ దాని పరిధిలోవే. ‘కాపీ కొట్టిన అభ్యర్థికి 3 నుంచి 5 ఏళ్ల జైలు’ అని రాసిన నోట్సు నేనే చూశాను. బిల్లుకు జతచేసిన ఉద్దేశాల ప్రకటన చదవండి. అభ్యర్థిపై ఈ చట్టం కింద చర్య ఉండదని, పరీక్ష నిర్వహించే సంస్థ నిబంధనలే వర్తిస్తాయని అందులో స్పష్టంగా ఉంది. చట్టం గురిపెట్టింది పేపరు లీకు ముఠాల మీద, వాటితో చేతులు కలిపే సంస్థల మీద. వ్యవస్థీకృత నేరానికి 5 నుంచి 10 ఏళ్ల జైలు, కనీసం కోటి రూపాయల జరిమానా. మన పరీక్ష గురించిన చట్టమే మనకు తలకిందులుగా అందితే ఎలా?

మహిళా రిజర్వేషన్ కూడా అంతే. ‘33 శాతం రిజర్వేషన్ వచ్చింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. 2023 నాటి 106వ సవరణ చేర్చిన 334ఏ అధికరణ మాత్రం, ఆ తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడి, వాటి ఆధారంగా నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలు అని రాసింది. విమర్శ మొత్తం ఆ షరతు చుట్టూనే తిరిగింది. షరతు తెలియకుండా విమర్శ రాస్తే అది అరువు మాట అవుతుంది.

ఇక డేటా రక్షణ చట్టం. ఉన్నవి 44 సెక్షన్లే. రూ.250 కోట్ల వరకు జరిమానా అన్నది అందరికీ కంఠతా వచ్చు. చిట్టచివరి సెక్షన్ సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె)ను మార్చేసిందని ఎంతమందికి తెలుసు? వ్యక్తిగత సమాచారమైనా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చన్న మాట ఆ నిబంధనలోంచి తొలగిపోయింది. పారదర్శకత మీద ప్రశ్న వస్తే జవాబుకు ప్రాణం ఇదే.

కృష్ణాతీరం:
సమాచార హక్కు చట్టంలోని 8(2) అలాగే ఉంది కదండీ. ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపులను పక్కనపెట్టి సమాచారం ఇచ్చే అధికారం దానిలో ఉంది. మీరు చెప్పినంత నష్టం జరగలేదు.

న్యాయశాస్త్ర విద్యార్థిని:
ఉంది, ఒప్పుకుంటాను. నష్టం ఎంతన్నది వాదించుకోవలసిన విషయమే. కానీ చూడండి, ఈ వాదన చేయడానికి మీరూ నేనూ చట్టంలోకే వెళ్లాం.

తెలుగు మాధ్యమం:
ఇద్దరూ ఒక సంగతి మరిచారు. మెయిన్స్ తెలుగులో రాయవచ్చు. ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. చట్టం ఇంగ్లిష్‌లో చదివి, పరిభాష మేమే సమకూర్చుకుని, మళ్లీ తెలుగులో రాయాలి. ఒక్క సెక్షనుకు మాకు పట్టే సమయం మీకు పట్టదు. మాలాంటివాళ్లకు నోట్సు సోమరితనం కాదు, ఆధారం. అసలు చట్టాలను చక్కటి తెలుగులో వెంటనే అందించవలసిన బాధ్యత ప్రభుత్వానికి లేదా?

న్యాయశాస్త్ర విద్యార్థిని:
తప్పకుండా ఉంది. ఆ కోపం న్యాయమైనదే. అందుకే అంతా చదవమనను. నోట్సు చదివాక, ప్రతి చట్టంలో అమలు తేదీ చెప్పే భాగం, ఇతర చట్టాలను మార్చే భాగం, బాగా వివాదమైన ఒక్క సెక్షన్ మాత్రం మూలంలో చూడండి. క్రిమినల్ చట్టాలకైతే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకోండి. రాజద్రోహం రద్దయిందని నోట్సు చెబుతుంది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 124ఏలో యావజ్జీవం లేదా మూడేళ్ల వరకు జైలు. దేశ సార్వభౌమత్వానికి, సమగ్రతకు ముప్పు తెచ్చే చర్యలపై వచ్చిన న్యాయ సంహిత 152లో యావజ్జీవం లేదా ఏడేళ్ల వరకు. సురక్షా సంహిత 187 కూడా చూడండి. పోలీసు కస్టడీ 90 రోజులకు పెరిగిందని కొందరు రాస్తున్నారు. మొత్తం గడువు 15 రోజులే. కేసును బట్టి తొలి 40 లేదా 60 రోజుల్లో దాన్ని విడతలుగా కోరవచ్చు.

తెలుగు మాధ్యమం:
187కు మీరు వాడే తెలుగు పరిభాష ఇక్కడ పెట్టండి. నా దగ్గరున్న 152 అనువాదం నేను పెడతాను, తప్పులుంటే దిద్దండి.