కాండక్ట్ కమిటీల్లో ప్రాంతాల వారీగా సీట్లు ఉండాలా?

కృష్ణాతీరం:
ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగలిగే ప్రాజెక్టుల్లో, ఎవరైనా వేధించినా, అవమానించినా ఫిర్యాదు కాండక్ట్ కమిటీకి వెళ్తుంది. హెచ్చరించి వదిలేయాలా, సస్పెండ్ చేయాలా, పూర్తిగా పంపించేయాలా అన్నది వాళ్లే తేలుస్తారు. కోడ్ రాసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నా, నేను చూసిన కమిటీల్లో ఎక్కువగా అమెరికా, యూరప్ వాళ్లే ఉన్నారు. వికీపీడియాను నడిపే వికీమీడియా దీనికి ఒక దారి చూపింది. అక్కడి ప్రవర్తనా నియమావళిని 2021లో ప్రకటించారు. దాని అమలు చూసే యూ4సీ అనే కమిటీలో 16 సీట్లుంటే, వాటిలో 8 సీట్లను ఒక్కో ప్రాంతానికి ఒకటి చొప్పున ఇచ్చారు. అందులో ఒకటి దక్షిణాసియాది, తెలుగు వికీపీడియన్లకూ వర్తించేది. మిగతా ప్రాజెక్టులూ ఇలాగే చేయాలని నేనంటాను. మీరేమంటారు?

కెర్నల్ అభిమాని:
నేను ఒప్పుకోను. "మా దగ్గర ఇలాగే మాట్లాడుకుంటాం" అనే వాదనకు కమిటీలోనే చోటిస్తే ఇక నియమం దేనికి? లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆధారమైన కెర్నల్‌లో ఎవరైనా పంపిన ప్యాచ్ (కోడ్ మార్పు) బాగోలేకపోతే మనిషినే తిట్టడం ఏళ్ల తరబడి నడిచింది. సూటిగా మాట్లాడటంలో తప్పేముందని వెనకేసుకొచ్చినవాళ్లూ ఉన్నారు. చివరికి 2018 సెప్టెంబరులో దాన్ని సృష్టించిన లైనస్ టోర్వాల్డ్సే క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు.

క్రొయేషియన్ వికీపీడియా ఇంకా ఘోరం. కొద్దిమంది అడ్మిన్లు దాదాపు పదేళ్లు దాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో క్రొయేషియాను ఏలిన ఫాసిస్టు ఉస్తాషా పాలన నేరాలను తేలిక చేసి రాశారు, అడ్డుచెప్పినవాళ్లను బ్లాక్ చేశారు. వాళ్లంతా ఆ భాష, ఆ సంస్కృతి తెలిసినవాళ్లే కదా!

నిశిత:
క్రొయేషియన్ వికీపీడియాలో అధికారమంతా ఒకే గుంపు చేతిలో ఉంది. పదహారు మందిలో మనవైపు వారొకరు ఉండటం వేరే సంగతి.

ఇలాంటిది జరిగిందనుకోండి. కొత్తగా చేరిన అమ్మాయి మొదటి పుల్ రిక్వెస్ట్ పెట్టింది, అంటే తన కోడ్ చేర్చుకోమని అడిగింది. ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్ ప్రైవేట్ చాట్‌లో "మీ ఇంటిపేరేంటి?" అన్నాడు. చెప్పింది. "ఏ ఊరు? ఊళ్లో ఏ వైపు ఉంటారు?" తర్వాత, "నాన్నగారు ఏం చేస్తారు? ఇంట్లో నాన్‌వెజ్ తింటారా?" ఆ వారం నుంచి ఆమె కోడ్‌ను రివ్యూ చేయడం మానేశాడు. ఆ ప్రశ్నలు ఎటు పోతున్నాయో మనలో ఎవరికైనా రెండోదానికే తెలిసిపోతుంది. అదే స్క్రీన్‌షాట్ బెర్లిన్‌లోనో సియాటిల్‌లోనో ఉన్న కమిటీ సభ్యులకు చూపించండి. కలుపుగోలుగానే మాట్లాడుతున్నాడు కదా అంటారు. ఒక్క తిట్టు కూడా లేదు మరి. ఇక ఆ అమ్మాయి తన కులమేంటో, ఆ ప్రశ్నలు ఎందుకు గుచ్చుకున్నాయో ముక్కూమొహం తెలియనివాళ్లకు ఓనమాల నుంచి చెప్పుకోవాలి. ఎంతమంది చెప్పుకుంటారు?

ఎన్నో ప్రాజెక్టులు వాడే కాంట్రిబ్యూటర్ కవెనెంట్ అనే ప్రవర్తనా నియమావళి 2014లో వచ్చింది. అందులో కులం ప్రస్తావన చేరింది 2021లో, 2.1 వెర్షన్‌తో. అన్నేళ్లు అది ఎవరి కంటా పడలేదంటే, రాసే చోట మనవాళ్లు లేకపోవడమే కారణమని నేను నమ్ముతాను.

తుంగభద్ర:
నిశిత గారూ, ఆ సీటులో కూర్చునేదెవరో కూడా ఆలోచించండి. ఇంగ్లీషు ధారాళంగా రావాలి, జీతం లేని పనికి సాయంత్రాలు పెట్టగలగాలి. అలాంటి వీలు మన దగ్గర ఎవరికి ఎక్కువో మీకు తెలుసు. మీరు చెప్పిన ఆ మెయింటెయినరే పోటీ చేసి గెలవొచ్చు. అతను "మా దేశంలో ఇవి మామూలు కబుర్లే" అంటే మిగతావాళ్లు తలూపుతారు, అక్కడి సంగతులు తెలిసింది అతనొక్కడికే గనక. అప్పుడు ఆ అమ్మాయికి ఉన్న కాస్త ఆశా పోతుంది.

నిశిత:
ఆ భయం నాకూ ఉంది. అందుకే ఒక్కరి మాట మీద వదలకూడదు. ఒకే ప్రాంతం నుంచి కనీసం ఇద్దరుండాలి, ఇద్దరూ ఒకే సామాజిక నేపథ్యం వాళ్లు కాకూడదు. తన ఫిర్యాదు ఫలానావారు చూడకూడదని చెప్పే హక్కు, కారణం అడగకుండా, ఫిర్యాదు చేసినవారికి ఉండాలి. కమిటీ మాట పైవాళ్లు కూడా వినాలి. 2021 నవంబరులో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో ప్రవర్తన ఫిర్యాదులు చూసే మోడరేషన్ టీమ్ మొత్తం రాజీనామా చేసింది, ప్రాజెక్టును నడిపే కోర్ టీమ్ ఎవరికీ జవాబుదారీగా లేదని.

కెర్నల్ అభిమాని:
కారణం చెప్పకుండా సభ్యుణ్ణి పక్కన పెట్టమనే హక్కుకు నేనూ ఓటేస్తాను. సీట్ల దగ్గరే నాకింకా పేచీ. వికీమీడియా అంత పెద్ద సంస్థకే 2024 తొలి ఎన్నికల్లో సీట్లన్నీ నిండలేదు. ముగ్గురు మెయింటెయినర్లున్న ఓ చిన్న కోడ్ లైబ్రరీ ఇద్దరేసి సభ్యులను ఎక్కడి నుంచి తెస్తుంది?

కృష్ణాతీరం:
చిన్న ప్రాజెక్టులు పదో పదిహేనో కలిసి ఒకే కమిటీ పెట్టుకోవచ్చు. మీ లైబ్రరీ అందులో చేరుతుందా?