హాస్టల్ రూమ్ డ్యామేజీ కింద కాషన్ డిపాజిట్ కోస్తామంటున్నారు, ఎంతవరకు కట్టాలి?

ప్రశ్న (ఎమ్మెస్సీ ఫైనలియర్, తార్నాక)
వచ్చే నెల రూమ్ ఖాళీ చేయాలి, ఇది ఇద్దరికి ఇచ్చిన రూమ్. కేర్‌టేకర్ వచ్చి మూడు రాసుకున్నారు. బాత్రూమ్ వైపు గోడ పెచ్చులూడింది, ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది, మంచం పక్క గోడకు మేకుల రంధ్రాలున్నాయి. గోడలన్నిటికీ రంగు ఖర్చు మా డిపాజిట్‌లోంచి కోస్తారట, ఒప్పుకోకపోతే నో డ్యూస్ (బాకీ లేదనే సర్టిఫికెట్) ఇవ్వరట. ఇందులో మాపై పడేది ఎంత?

జవాబు 1 (సివిల్ మెయింటెనెన్స్)
మూడింటినీ ఒకే గాటన కట్టనివ్వకు తమ్ముడూ.

రంగు బుడగలుగా లేచి, తెల్లటి పొడి చేతికి అంటుతోందా? అయితే అది చెమ్మ. పైపు లీకో, టైల్స్ సందుల్లో నింపే గ్రౌటింగ్ పోవడమో కారణం. గోడలో చేరిన నీళ్లు ఆరేటప్పుడు ఇటుక, సిమెంటులోని లవణాలను పైకి తెచ్చి వదిలేస్తాయి. ఇది బిల్డింగ్ రిపేరు, మీ మీద వేయడం అన్యాయం. గదిలో తడిబట్టలు ఆరేయడం వల్లే అని వాదిస్తే, అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులూ టేపు వేసి గోడకు అంటించి ఒకరోజు ఉంచు. పెచ్చులూడే చోట టేపు నిలవదు, పక్కనే గట్టిగా ఉన్నచోట వెయ్యి. కవరు లోపలివైపు నీటిచుక్కలు పడితే తేమ గోడలోంచే వస్తున్నట్టు. ఫొటో తీసి పెట్టుకో.

ఫ్యాన్‌కు చాలావరకు కెపాసిటర్ పోయి ఉంటుంది. ఎక్కువ సీలింగ్ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది వాడతారు, ట్రూప్ బజార్‌లో వంద లోపే దొరుకుతుంది. వాడకంతో పోయే వస్తువది. రెక్క వంగితే మాత్రం మీదే బాధ్యత. నువ్వే విప్పకు, కంప్లైంట్ రిజిస్టర్‌లో రాయించు. ఆ ఎంట్రీయే సాక్ష్యం.

మేకుల రంధ్రాలు మీవే. దుమ్ము దులిపి, కాస్త తడిపి, వాల్ పుట్టీ నింపు. ఆరితే కుంగుతుంది కాబట్టి రెండో పూత తప్పదు. తర్వాత 180 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్దు. రంగు జోలికి పోకు, పాత డిస్టెంపర్ మీద కొత్తది మచ్చలా కనబడి గోడంతా వేయాలంటారు.

జవాబు 2
నోటిమాట మీద పైసా కట్టొద్దండి. వస్తువుల వారీ లెక్క, ఆ గోడకు చివరిగా రంగు వేసిన తేదీ, రూమ్ ఇచ్చినప్పుడు సంతకం పెట్టిన ఇన్వెంటరీ (వస్తువుల జాబితా) కాపీ కావాలని వార్డెన్‌కు మెయిల్ పెట్టండి. ఏళ్ల కిందటి రంగుకు కొత్త రంగు ఖరీదంతా అడగడం న్యాయం కాదు. జరిమానా మొత్తం ముందే రాసి ఉన్నా, 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం అది గరిష్ఠ పరిమితే, దక్కేది సమంజసమైన పరిహారం.

జవాబు రాకపోతే, ప్రభుత్వ యూనివర్సిటీ అయితే 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేయండి, 30 రోజుల్లో చెప్పాలి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, ఆపైన అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ ఉన్నారు. నో డ్యూస్ అర్జెంటైతే అభ్యంతరం రాతపూర్వకంగా తెలిపి కట్టి, రసీదు తీసుకోండి.

ప్రశ్నించినవారు
రూమ్మేట్ జనవరిలోనే వెళ్లిపోయాడు. వాడి వాటా?

జవాబు 2
వెకేట్ స్లిప్‌పై ఉన్న తేదీ చూపించండి. ఎవరి మంచం వైపు రంధ్రాలు వారివి, ఉమ్మడి వస్తువులు చెరిసగం. జనవరి తర్వాత జరిగినవి మాత్రం మీ ఒక్కరి మీదే పడతాయి.