లాగిన్ అయిన వ్యాపారులకు క్యాష్ పేజీ ఇచ్చి, మిగతాది అజాక్స్‌తో నింపవచ్చునా?

గుంటూరు డెవలపర్: మిర్చి వ్యాపారులు లాగిన్ అయి తమ నిల్వలు, బాకీలు చూసుకునే వర్డ్‌ప్రెస్ సైటును నేను నిర్వహిస్తున్నాను. యార్డుకు సరుకు పోటెత్తే సీజనులో పొద్దున్నే అందరూ ఒక్కసారి వచ్చేసరికి సర్వర్ కూలబడుతోంది. అందుకని పేజీని అందరికీ ఒకే క్యాష్ ప్రతిగా (ఒకసారి తయారుచేసి దాచిన నకలుగా) ఇచ్చి, పేరు, నిల్వ, బాకీ మాత్రం అజాక్స్‌తో (పేజీ తెరుచుకున్నాక బ్రౌజర్ వెనకనుంచి సర్వర్‌ను అడిగే పద్ధతితో) తెప్పించాలనుకుంటున్నాను.

బెజవాడ సభ్యుడు: లాగిన్ అయినవారికి క్యాష్ పేజీ ఇవ్వనే కూడదు. పేజీలో అచ్చయిన నాన్స్ (పిలుపు మన సైటు నుంచే వచ్చిందని చూపే తాత్కాలిక సంకేతం) మామూలుగా 12 నుంచి 24 గంటల్లో చెల్లకుండా పోతుంది. క్యాష్ ప్రతి అంతకన్నా పాతదైతే మీ వ్యాపారికి 403 (అనుమతి లేదనే సమాధానం) తప్ప బాకీ కనబడదు.

గుంటూరు డెవలపర్: నాన్స్‌ను పేజీలో ఉంచను, మొదటి పిలుపుతోనే తెచ్చుకుంటాను. ఆ సమాధానాన్ని వేరే సైటు చదవకుండా బ్రౌజరే అడ్డుకుంటుంది.

తెనాలి సభ్యురాలు: ఆ పిలుపుకు జవాబిచ్చే ఫంక్షన్‌ను నోప్రివ్ హుక్‌కు (లాగిన్ కానివారి పిలుపుల కోసం వర్డ్‌ప్రెస్‌లో ఉన్న కొక్కేనికి) తగిలించకండి, లాగిన్ కానివారి పిలుపు కూడా దానికి చేరుతుంది.

బెజవాడ సభ్యుడు: అడ్మిన్-అజాక్స్ (వర్డ్‌ప్రెస్‌లో అజాక్స్ పిలుపులను అందుకునే ఫైలు) ప్రతి పిలుపుకూ వర్డ్‌ప్రెస్ మొత్తాన్ని లేపుతుందని మరిచారు. మూడు పిలుపులు పెడితే భారం తగ్గకపోగా పెరుగుతుంది.

గుంటూరు డెవలపర్: మూడూ కలిపి ఒకే పిలుపు పెడతాను. నాన్స్ గురించి అడిగితే సమాధానం చెప్పాను, భారం గురించి అడిగితే చెప్పాను. అయినా మీరు కూడదనే అంటున్నారు. అసలు మీ అభ్యంతరం ఏమిటి?

బెజవాడ సభ్యుడు: చెబుతాను. నేను చేసిన ఒక సైటులో హోస్టింగ్ వారు నాకు చెప్పకుండా క్యాష్ అమరిక మార్చారు. ఒక ఖాతాదారు బాకీ మరొకరికి కనబడింది, యజమాని ముందు దోషిగా నిలబడింది మాత్రం నేను. మీరు జాగ్రత్తపరులే కావచ్చు, కానీ మీ తర్వాత ఎవరో టెంప్లేట్‌లో (పేజీ మూసలో) నమస్కారం పక్కన పేరు అచ్చు వేస్తారు, అది క్యాష్‌లోకి వెళుతుంది.

గుంటూరు డెవలపర్: ఆ భయం న్యాయమైనదే. అందుకే లాగిన్ కుకీ (లాగిన్ అయినట్టు బ్రౌజర్ దాచుకునే గుర్తు) లేని అభ్యర్థన నుంచి మాత్రమే క్యాష్ ప్రతి తయారయ్యేలా అమర్చుతాను. అప్పుడు టెంప్లేట్ పేరు అడిగినా అచ్చు వేయడానికి పేరే ఉండదు. పెద్ద సర్వర్‌కు యజమాని డబ్బివ్వరు, ఆ బిల్లు నా నెలవారీ నిర్వహణ రుసుములోంచే పోతుంది.

బెజవాడ సభ్యుడు: అది మీ రుసుము సమస్య, బాకీ బయటపడేది వ్యాపారిది. అయినా చేస్తానంటే, హోస్టింగ్‌లో ఏది మారినా రెండు ఖాతాలతో లాగిన్ అయి పేజీ మూలాన్ని (సర్వర్ పంపిన కోడ్‌ను) చూడండి; అందులో ఏ పేరు కనిపించినా క్యాష్‌ను అదే నిమిషంలో ఆపేయండి.