ఉషణా? ఊషణా?

(పిప్పలికున్న ఒక సంస్కృత పేరు మీద నలుగురి వాదన. ఎవరిని వాళ్ళ ఊరి పేరుతోనే రాశాం.)

అమలాపురం: అమరకోశంలో పిప్పలి పేర్ల శ్లోకం "కృష్ణోపకుల్యా వైదేహీ మాగధీ చపలా కణా" వరకూ గడగడా వస్తోంది. ఆ తర్వాత "పిప్పలీ శౌండీ" ముందున్నది ఉషణానా, ఊషణానా? ఒక ప్రతిలో హ్రస్వం, ఇంకోదాంట్లో దీర్ఘం.

రాజోలు: దీర్ఘమే. అదే అమరంలో "త్రికటు త్ర్యూషణం వ్యోషం" అని లేదూ, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు మూడూ కలిపినదానికి! హ్రస్వమైతే త్ర్యుషణం కావాలిగా.

పాలకొల్లు: త్ర్యుషణం కూడా నిఘంటువులకెక్కిందండి మాస్టారూ. ధాతువు చూడండి. "ఉష దాహే", అంటే మండించేది. దీర్ఘం పెడితే "ఊష రుజాయామ్". మందుకి రోగం పేరు ఎవరైనా పెడతారా?

రాజోలు: రుజని పోగొట్టేదని చెప్పుకోవచ్చు.

పాలకొల్లు: అలా సాగదీస్తే కరక్కాయకీ అదే పేరు పెట్టొచ్చు.

ద్రాక్షారామం: మంట సంగతి ఎత్తారు కాబట్టి, మిరియాల్లోనూ పిప్పళ్ళలోనూ మండించేది పైపరీన్ అనే పదార్థం. 1819లో ఓర్‌స్టెడ్ మిరియాల్లోంచి విడదీశాడు. నీళ్ళలో దాదాపు కరగదు, నేతిలో కరుగుతుంది. కషాయం కాచి వడగడితే ఘాటు చాలామటుకు పిప్పిలోనే ఉండిపోయేది అందుకే. పిప్పలి పొడిని గాజుసీసాలో పోసి కిటికీలో పెట్టారా, వెలుతురుకి పైపరీన్ రూపు మారి చప్పబడుతుంది. అప్పుడు ఉషణా లేదు, ఊషణా లేదు. ఘాటంతా చవిసిన్‌దని ఒకప్పుడు అనుకునేవారు, అదీ పైపరీన్‌కి తోబుట్టువే. ఆ పేరులో ఉన్నది మన తెలుగు "చవి" కదూ?

పాలకొల్లు: కాదండి. అది చవికా, చవ్యం, పిప్పలి జాతి మొక్క పేరు. రుచికీ దానికీ చుట్టరికం కలపకండి.

అమలాపురం: త్ర్యూషణమో త్ర్యుషణమో, పాళ్ళు సమానమేగా?

పాలకొల్లు: సమానమే, కానీ తూకంలో. పిప్పలి కంకులు ముదిరి, పండకముందే కోసినవై ఉండాలి. పండితే ఘాటు తగ్గుతుంది. నాలుగైదు ఎండలు పడ్డాక వంచితే టక్కున విరగాలి. వంగిందంటే మన డెల్టా చెమ్మకి బూజు ఖాయం. సన్నసెగ మీద వేడెక్కితే చాలు, పొగ లేచిందంటే మాడినట్టే. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు వేటికవే దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, అప్పుడు తూచి కలపాలి. ముందే తూచి కలిపి దంచితే శొంఠి పీచు గుడ్డలో ఉండిపోయి పాళ్ళు తప్పుతాయి. పెద్దవాళ్ళకి రోజుకి 1 నుంచి 3 గ్రాములు, తేనెతో. మూర్ఛకి ఫెనిటోయిన్, ఉబ్బసానికి థియోఫిలిన్ వాడేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టకూడదు. పైపరీన్ వల్ల ఆ మందులు రక్తంలో పెరిగిపోతాయి.

రాజోలు: అతిగా వాడకూడని మూడింట్లో చరకుడు ముందు చెప్పింది పిప్పలినే, తర్వాతే క్షారం, ఉప్పు. మళ్ళీ వర్ధమాన పిప్పలి చెప్పిందీ ఆయనే. రోజుకి పది చొప్పున పెంచుతూ వందదాకా, తిరిగి పదేసి తగ్గిస్తూ పదిదాకా. కూడితే సరిగ్గా వెయ్యి!

పాలకొల్లు: అది వైద్యుడి కనుసన్నల్లో, పాలతో చేసే రసాయన చికిత్స, ఒంటికి బలమిచ్చేది. ఇంట్లో లెక్కపెట్టుకుని మింగేది కాదు.

అమలాపురం: అయ్యా, నా అక్షరం?

ద్రాక్షారామం: శ్రీనాథుడి వృత్తంలో ఈ మాట పాదం మొదట దొరికితే తేలిపోను. ఉత్పలమాల అయితే గురువు, చంపకమాల అయితే లఘువు. భీమేశ్వరుడి గుడి పక్కనే ఉన్నాం, ఆయన ఆ మాత్రం సాయం చెయ్యడా!

రాజోలు: శ్రీనాథుడిదాకా ఎందుకు? మిరియాలకి అమరం "మరీచం కోలకం కృష్ణమూషణం" అంది. కృష్ణమ్, ఊషణం. దీర్ఘం కళ్ళెదుటే ఉంది.

పాలకొల్లు: పాదం ఎక్కడ విరుగుతుందో చూడండి మాస్టారూ. "మరీచం కోలకం కృష్ణ" దగ్గర ఎనిమిది అక్షరాలూ అయిపోయాయి. "మూ" రెండో పాదం మొదట పడింది. అక్కడ లఘువైనా గురువైనా ఈ శ్లోకాల ఛందస్సు, అనుష్టుప్పు, పట్టించుకోదు. "ఉషణా పిప్పలీ"లోనూ అదే చోటు.

రాజోలు: ముషణం అని చదివి చూడండి, చెవికి ఎలా ఉందో!